హాజీల సేవలో మా దినచర్య

(సంఘ వార్షిక సమావేశంలో ఖాదిముల పక్షాన చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘ సభ్యుల్లో ప్రభుత్వోద్యోగాల్లో ఉన్న కొందరం వేర్వేరు సంవత్సరాల్లో ఖాదిముల్ హుజ్జాజ్‌గా, అంటే హాజీల సేవకులుగా ఎంపికై మక్కా మదీనాలకు వెళ్లి వచ్చాము. 2025 హజ్ నుంచి ఈ బాధ్యతకు రాష్ట్ర హజ్ ఇన్‌స్పెక్టరు అని పేరు పెట్టారు. పేరు మారినా పని మారలేదు. హాజీల నోట మాత్రం ఇప్పటికీ "ఖాదిమ్ సాబ్" అనే మాటే వినిపిస్తుంది.

కార్యదర్శిగారు మమ్మల్ని పిలిచి, "అక్కడి అనుభవాలు నాలుగు మాటల్లో చెప్పండి" అన్నారు. హజ్ విధుల గురించి చెప్పడానికి ఆలిములు ఉన్నారు. ఆ పని మాది కాదు. మేము చెప్పదలచింది చాలా మామూలు సంగతి. పరాయి దేశంలో ఒక నెలా నెలన్నర సేవ చేసే మనిషికి రోజు ఎలా గడుస్తుంది? అతడు ఏం తింటాడు, ఎప్పుడు పడుకుంటాడు, ఎప్పుడు నవ్వుతాడు? ఇదేం పెద్ద విషయమని మీకు అనిపించవచ్చు. కాని సేవ నిలబడేదీ, మధ్యలో కూలబడేదీ ఇక్కడేనని మేము కళ్లారా చూశాము.

తిరిగి వచ్చాక మేము రెండు రకాల మాటలు విన్నాము. "సర్కారు ఖర్చుతో పోయి చక్కగా తిరిగొచ్చారు" అన్నవారు కొందరు. "సేవకని పోయినవాడికి తిండేమిటి, నిద్రేమిటి, నవ్వులేమిటి? అక్కడ ఒక్క ఘడియ కూడా వృథా చేయరాదు" అన్నవారు మరికొందరు. మొదటివారికి మా పని తెలియదు. రెండవవారికి మనిషి శరీరం సంగతి తెలియదు. ఇద్దరికీ కలిపి ఈ రోజు జవాబు చెప్పుకుందామని వచ్చాము.

ముందు పని సంగతి. హాజీల బస్సు ఏ అర్ధరాత్రో భవనం ముందు ఆగుతుంది. సామాన్లు దింపించాలి. ఎవరి గది ఏ అంతస్తో చూపాలి. ముసలివారిని లిఫ్టు ఎక్కించాలి. మక్కాలో మన హాజీలలో చాలామందికి అజీజియా ప్రాంతంలో వసతి ఇస్తారు. అక్కడి నుంచి హరమ్‌కు బస్సులో వెళ్లాలి. ఏ బస్సు ఎక్కాలో, తిరుగు బస్సు ఎక్కడ ఆగుతుందో రోజూ చెప్పాలి. షుగరు మాత్ర వేసుకున్నారా, బీపీ మాత్ర మరచిపోయారా అని అడగాలి. జ్వరం వస్తే భారత హజ్ మిషన్ వారి వైద్యశాలకు వెంటబెట్టుకుని పోవాలి. దారి తప్పినవారిని వెదకాలి. 2024లో హజ్ సువిధా అని ఒక ఫోన్ యాప్ కూడా వచ్చింది, మంచిదే. కాని ఫోను నొక్కడం రాని నానీకి యాప్ ఏం చేస్తుంది? ఆమెకు ఖాదిమే యాప్.

2018 నుంచి నలభై అయిదేళ్లు దాటిన స్త్రీలు మెహరమ్ లేకుండా జట్టుగా హజ్‌కు వెళ్లే ఏర్పాటు ఉంది. అలాంటివారి కొరకు స్త్రీలు కూడా ఖాదిములుగా వస్తున్నారు. ఒక్కో సోదరి ఎంతమందికి కూతురై, కోడలై పనిచేస్తుందో చెప్పడానికి మా వద్ద మాటలు లేవు.

ఇక అక్కడి ఎండ. మన రెంటచింతల ఎండ, రామగుండం ఎండ ఎరిగినవాళ్లమే మనం. అయినా మక్కా ఎండ వేరు. గాలి పొడిగా ఉంటుంది కనుక పట్టిన చెమట పట్టినట్లే ఆరిపోతుంది. ఒంట్లో నీరు పోతున్నదని మనిషికే తెలియదు. దాహం వేయలేదు గదా అని నీళ్లు తాగడు. గంట తరువాత కళ్లు తిరుగుతాయి. 2024 జూన్‌లో హజ్ సమయాన మక్కాలో 51.8 డిగ్రీల సెంటీగ్రేడు ఉష్ణోగ్రత నమోదయింది. ఆ ఏడాది హజ్‌లో 1,301 మంది మరణించారని సౌదీ ప్రభుత్వం ప్రకటించింది. వారిలో అత్యధికులు అనుమతి పత్రం లేకుండా వచ్చి, గుడారం నీడ, బస్సు వసతి లేక ఎండలో దూరాలు నడిచినవారు. అల్లాహ్ వారందరినీ క్షమించుగాక.

అటువంటి చోట తిండి మాని, నిద్ర మాని పరుగెత్తే ఖాదిము ఎన్ని రోజులు నిలుస్తాడు? నాలుగో రోజుకో అయిదో రోజుకో తానే మంచమెక్కుతాడు. అప్పుడు హాజీలు ఒక సేవకుణ్ణి పోగొట్టుకోవడమే కాదు, వైద్యశాలలో ఒక రోగి పెరుగుతాడు. అతణ్ణి చూసుకోవడానికి ఇంకొక ఖాదిము కావాలి. ఈ లెక్క మూడో తరగతి పిల్లవాడికి కూడా అర్థమవుతుంది. అయినా ఏటా ఎవరో ఒకరు ఉత్సాహంకొద్దీ ఈ పని చేస్తూనే ఉంటారు.

సోదరులారా, ఇది కొత్త సమస్య కాదు. హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి), హజ్రత్ అబూ దర్దా (రజి) ఇంటికి వెళ్లిన వృత్తాంతం మీలో చాలామందికి తెలుసు. అబూ దర్దా గారు పగలంతా ఉపవాసం, రాత్రంతా నమాజు. ఇల్లాలు తన అలంకరణే మరచిపోయింది. సల్మాన్ గారు ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని అన్నం తినిపించారు. రాత్రి లేవబోతే పడుకోమన్నారు. చివరి జామున ఇద్దరూ కలిసి నమాజు చేశారు. దైవానికి మనపై ఉన్నట్లే శరీరానికీ ఇంటివారికీ కూడా హక్కు ఉన్నదని, ఎవరి హక్కు వారికి ఇవ్వాలని ఆయన బోధించారు. సంగతి తెలిసి దైవప్రవక్త (స) సల్మాన్ మాటనే బలపరిచారు. మేమంతా ఈ వృత్తాంతాన్ని చిన్నప్పటి నుంచి మస్జిదులో విన్నవాళ్లమే. అజీజియాలో రాత్రి రెండు గంటలకు కాళ్లు వాచి కూర్చున్నప్పుడు దాని భావం బాగా తలకెక్కింది.

అందుకని మేము వంతులు వేసుకున్నాము. ఒకరు బస్సుల దగ్గర, ఒకరు భవనంలో, ఒకరు నిద్రలో. నిద్ర కూడా డ్యూటీయే అని రాసి పెట్టుకున్నాము. నిద్ర వంతులో ఉన్నవాణ్ణి ప్రాణం మీదికి వస్తే తప్ప లేపరాదు. రోజుకు ఒక్క పూటయినా అందరం ఒకే దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చుని తినాలి. ఆ అరగంట ఫిర్యాదులు ఎత్తరాదు. ఇవి మేము కల్పించుకున్న చట్టాలే. కాని మమ్మల్ని చివరిదాకా నిలబెట్టినవి ఇవే.

ఆ దస్తర్‌ఖాన్ ముచ్చట చెప్పాలి. ఫజర్ నమాజు తరువాత వీధి మొగలో తమీస్ రొట్టె కాలుస్తారు. జల్లెడంత రొట్టె, పొయ్యిలోంచి తీసి కాగితంలో చుట్టి ఇస్తారు. దానితో ఫూల్ అనే చిక్కుడు గింజల ముద్ద, పైన నూనె, నిమ్మరసం. మొదటి రోజు "ఇదేం తిండి" అన్నవారే మూడో రోజు వరుసలో ముందు నిలబడ్డారు. మధ్యాహ్నం లబన్. మన మజ్జిగకు అన్న లాంటిది. అందులో ఇంత ఉప్పు, ఇంటి నుంచి తెచ్చిన జీలకర్ర పొడి వేసి కలిపితే గుంటూరు హాజీలు, కడప హాజీలు గ్లాసు మీద గ్లాసు తాగారు. నీళ్లు తాగమని బతిమాలితే తాగనివారు మజ్జిగ అనేసరికి తాగారు! సంతోషమే వైద్యమయిందా లేదా, మీరే చెప్పండి. ఇక గోంగూర పచ్చడి సీసా మూత తీస్తే ఎన్ని జిల్లాలవారు వచ్చి చేరతారో వేరే చెప్పనక్కరలేదు.

నవ్వుకునే సంగతులూ ఉన్నాయి. హరమ్‌లో జనాన్ని తప్పించడానికి అక్కడి సిబ్బంది "తరీఖ్, యా హాజీ! తరీఖ్!" అని కేకలు వేస్తారు. అరబ్బీలో తరీఖ్ అంటే దారి. మన పెద్దాయన ఒకరు పాపం తేదీ అడుగుతున్నారనుకుని, ఆగి నిలబడి, వేళ్లు లెక్కపెట్టి, "ఆజ్ తేరా తారీఖ్ హై, సాబ్" అని వినయంగా చెప్పారు. ఆయన వెనక వరుస అంతా ఆగిపోయింది. ఈ మాట మా భవనమంతా పాకింది. ఆయన కూడా మాతో కలిసి పగలబడి నవ్వారు. ఆ తరువాత నెలంతా మా భవనంలో లిఫ్టు దగ్గర ఎవరు అడ్డమొచ్చినా "తారీఖ్ చెప్పండి చాచా" అనేవారు. అల్లాహ్ ఇంటికి వెళ్లి నవ్వడమేమిటని ఎవరూ అనలేదు. ఊరు కాని ఊరిలో భయపడుతున్న ముసలి ప్రాణాలకు ఆ నవ్వు గొప్ప ధైర్యం.

మదీనాలో మరో రకమైన సంతోషం. మస్జిదె నబవీ ప్రాంగణంలో సుమారు 250 పెద్ద గొడుగులు ఉన్నాయి. పొద్దున అవి మెల్లగా విచ్చుకుంటాయి. చిన్నపిల్లల మాదిరి మేము రోజూ నిలబడి చూసేవాళ్లం. శనివారం కుబా మస్జిదుకు వెళ్లడం దైవప్రవక్త (స) వారి అలవాటు, నడిచీ వెళ్లేవారు, వాహనం మీదా వెళ్లేవారు. మా వంతు లేని శనివారం పొద్దున్నే నడవగల హాజీలను పదిమందిని వెంటబెట్టుకుని కుబాకు నడిచిపోయేవాళ్లం. దారిలో ఖర్జూరం దుకాణాలు, చాయ్ దుకాణాలు. అజ్వా ఏదో, సుక్కరీ ఏదో రుచి చూపించి చెబుతారు. కొనకపోయినా కోపగించుకోరు. ఒక సున్నత్ తీరింది, కాళ్లూ సాగాయి, మనసూ తేలికయింది.

అక్కడ మనవాళ్లు ఎంతమంది ఉన్నారో కూడా చెప్పాలి. డ్రైవరుగా, దుకాణంలో, కట్టడాల పనిలో జగిత్యాలవారు, నిజామాబాదువారు, కడపవారు కనిపిస్తారు. ఇళ్లలో పనిచేసే గోదావరి జిల్లాల తల్లులు ఉన్నారు. తెలుగు మాట చెవిన పడితే చాలు, ఆగిపోతారు. వీరిలో ముస్లిములు కానివారికి మక్కాలో ప్రవేశం లేదు కనుక జిద్దాలోనో మరెక్కడో కలుస్తారు. ఏళ్ల తరబడి ఇంటి ముఖం చూడనివారు మన హాజీలతో పది నిమిషాలు ఊరి కబుర్లు చెప్పుకుని కళ్లు తుడుచుకుని పోతారు. మేము హాజీల సేవకు వెళ్లామనుకున్నాం గాని, ఆ సోదరులకు కాస్త ఊరిగాలి కూడా మోసుకుపోయామని అప్పుడు తెలిసింది.

ఇప్పుడు కష్టమైన మాట. హరమ్‌లో చేసే ఒక్క నమాజు ఇతర చోట్ల చేసే లక్ష నమాజులతో సమానమని మనందరికీ తెలుసు. బస్సు ఎక్కితే హరమ్. కాని అదే సమయానికి మూడో అంతస్తులో ఒక చాచాకు వాంతులు. ఏం చేయాలి? ఆ బస్సు వెళ్లిపోతుంటే గుండె ఎంత కొట్టుకుంటుందో అక్కడ నిలబడినవారికి తెలుస్తుంది. మాలో కొందరికి ఆ రాత్రులు ఏడుపు వచ్చింది.

మాకు ఊరట ఇచ్చింది రెండు సంగతులు. హాజీలకు నీళ్లు ఇచ్చే బాధ్యత దైవప్రవక్త (స) వారి పినతండ్రి హజ్రత్ అబ్బాస్ (రజి) గారిది. హజ్ రోజుల్లో మినాలో గడపవలసిన రాత్రులు ఈ నీళ్ల పని కొరకు మక్కాలో ఉంటానని ఆయన అనుమతి కోరారు. ప్రవక్త (స) అనుమతి ఇచ్చారు. హాజీ దాహం ఎంత పెద్ద విషయమో దీనివలన తెలుస్తుంది. ఇంకొకటి, ఒక ప్రయాణంలో మండుటెండ. ఉపవాసం ఉన్నవారు సోలిపోయారు. ఉపవాసం లేనివారు గుడారాలు వేశారు, జంతువులకు నీళ్లు పెట్టారు. ఆ రోజు పుణ్యమంతా ఉపవాసం లేనివారే పట్టుకుపోయారని ప్రవక్త (స) సెలవిచ్చారు. తిని, తాగి, ఒంట్లో బలం ఉంచుకున్నవారి చేతిలోనే ఆనాడు గుడారం లేచింది. మా ప్రసంగం మొత్తం ఈ ఒక్క సంఘటనలో ఉంది.

అలాగని ఏ సంతోషమైనా సరేనని మేము అనడం లేదు. హద్దు ఉంది. హాజీలు బస్సు కొరకు ఎండలో నిలబడి ఉంటే దుకాణాల చుట్టూ తిరగడం, ఫోనులో ఫొటోలు తీసుకుంటూ కూర్చోవడం, తన వంతు వదిలి ఉమ్రా మీద ఉమ్రా చేయడం, ఇవి సేవ కాదు. చివరిది చూడ్డానికి ఇబాదత్ మాదిరే ఉంటుంది, కాని అది హాజీకి చెందవలసిన సమయం. మేము పెట్టుకున్న కొలత ఒక్కటే. మన సంతోషం హాజీ నిమిషాన్ని తీసుకుంటున్నదా, లేక హాజీకి ఇవ్వడానికి మనలో బలం నింపుతున్నదా? తీసుకునేదయితే హలాలైన చాయ్ అయినా వద్దు. నింపేదయితే నిశ్చింతగా తాగండి, ఇంకో కప్పు కూడా తాగండి.

ఎందుకంటే అసలు పరీక్ష మినాలో ఉంది. జుల్‌హజ్ 8 నుంచి 12, 13 వరకు వంతులు ఉండవు, దస్తర్‌ఖాన్ ఉండదు. మినాలో కనుచూపు మేర ఒకే రకం తెల్ల గుడారాలు. 1997 ఏప్రిల్ 15న అక్కడ జరిగిన అగ్నిప్రమాదంలో 343 మంది చనిపోయారు. ఆ తరువాత నిప్పంటుకోని గుడారాలు వేశారు. భద్రత పెరిగింది, కాని ఏ గుడారం చూసినా ఒకేలా ఉంటుంది కనుక వుజూకు బయటికి వెళ్లినవారు తిరిగి రాలేరు. అరఫాత్, ముజ్దలిఫా, మళ్లీ మినా. పడుకుందామంటే రెండు గంటలు దొరకవు. అంతకు ముందు నెల రోజులు సరిగా తిని, పడుకుని, నవ్వుకున్నవారే అక్కడ చక్రాల కుర్చీ తోయగలిగారు. ఎవరయినా విసుక్కుంటే ఓర్చుకోగలిగారు. ముఖాన చిరునవ్వు కూడా నిలుపుకున్నారు. సామానులో కూడబెట్టిన బియ్యం లాంటిది ఒంట్లోని బలం. ముందు కూడబెడితేనే అవసరానికి దొరుకుతుంది.

పెద్దల కాలం ఇంకా కష్టమైనది. 1995 దాకా మన దేశం నుంచి ఓడలో హజ్‌కు పోయేవారు. బొంబాయిలో ఓడ ఎక్కితే జిద్దా చేరడానికి రోజులు పట్టేది. ఓడలో వంట పొగ, కడుపు తిప్పుడు, అయినా ఆ ప్రయాణపు స్నేహాలు చనిపోయేదాకా నిలిచాయని మా పెద్దవాళ్లు చెప్పేవారు. హైదరాబాద్ సంస్థానపు హాజీల కొరకు నిజాములు మక్కాలో రుబాతులు ఏర్పాటు చేశారు. హరమ్ విస్తరణలో పాతవి పోయినా, ఆ పేరున ఇటీవలి కాలంలో కూడా పూర్వ సంస్థాన జిల్లాల హాజీలు కొందరికి ఉచిత వసతి దొరికింది. హాజీ హాయిగా నడుము వాల్చాలి అని ఎప్పుడో ఒకరు తలచారు, ఇంతకాలానికి కూడా ఎవరో ఒకరు అక్కడ నడుము వాలుస్తున్నారు. విశ్రాంతి ఏర్పరచడం కూడా సేవేనని ఇంతకంటె రుజువేం కావాలి?

చివరిగా కొన్ని మనవులు. రేపు ఎంపిక కాబోయే సోదర సోదరీమణులకు: మెత్తని పాత చెప్పులు తీసుకుపోండి, కొత్తవి వద్దు. వెళ్లిన మొదటి రోజే వంతులు రాసుకోండి. పది అరబ్బీ మాటలు నేర్చుకోండి. చాయ్ పొడి, పచ్చడి సీసా మరచిపోవద్దు. మీలో ఎవరయినా రెండు రోజులు నవ్వకపోతే అతణ్ణి బలవంతంగానైనా పడుకోబెట్టండి.

ఖాదిముల ఇంటివారికి: మీ మనిషి అక్కడ ఉన్నప్పుడు దయచేసి సామాన్ల పట్టీ పంపవద్దు. బురఖా, అత్తరు, జానమాజ్, తస్బీహ్, కంబళి, పొరుగింటి పిన్నికి బంగారు రంగు గడియారం! ఈ పట్టీ చదివే సరికే అతని విశ్రాంతి వంతు అయిపోతుంది. అడిగితే "తిన్నావా, పడుకున్నావా" అని అడగండి. "ఎంతమందికి సేవ చేశావు" అని తరువాత అడగవచ్చు. ఇక్కడ పిల్లల ఫీజులు, పాల లెక్కలు, అత్తగారి మందులు ఒంటిచేత్తో చూసుకునే ఇల్లాలు కూడా హాజీల సేవలోనే ఉన్నదని మా నమ్మకం. ఆమె విశ్రాంతి సంగతి చూడవలసినవారు ఇరుగుపొరుగులుగా మీరే.

సంఘ పెద్దలకు: సేవకు వెళ్లి వచ్చినవారు సంతోషంగా ఉండి వచ్చామని చెబితే తప్పు పట్టవద్దు. ఏడుస్తూ చేసిన సేవ హాజీకి భారం. ముఖం ముడుచుకుని ఇచ్చిన జమ్‌జమ్ కన్నా నవ్వుతూ ఇచ్చిన మామూలు నీళ్లు ఆ ముసలి గొంతుకు తియ్యగా దిగడం మేము చూశాము.

అల్లాహ్ మన హాజీలందరి హజ్‌ను స్వీకరించుగాక. వారికి సేవ చేసే చేతులకు బలాన్నీ, మనసులకు ఉల్లాసాన్నీ ప్రసాదించుగాక. ఇంకా వెళ్లని మనవారందరికీ ఆ పుణ్యభూమి దర్శనం, ఆ హాజీల సేవ రెండూ దక్కించుగాక. ఆమీన్.